తిరుపతిలో రొటేషన్ ప్రోగ్రాములకు శిక్షణ: ఒక తండ్రి సమీక్ష

బహుళజాతి సంస్థలు కొత్త పట్టభద్రుల కోసం నడిపే రొటేషన్ ప్రోగ్రాములకు అభ్యర్థులను సిద్ధం చేసే శిక్షణ కేంద్రం ఒకటి తిరుపతి బాలాజీ కాలనీలో ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. పూర్తిచేసిన మా అమ్మాయి చిత్తూరు నుంచి శని, ఆదివారాల్లో వెళ్లి అక్కడ చదువుకుంది. తల్లిదండ్రులను అనుమతించిన తరగతులకు నేనూ వెళ్లాను.

ఈ ప్రోగ్రాములో చేరినవారిని సంస్థ ఒకే విభాగానికి పరిమితం చేయకుండా, సాధారణంగా రెండేళ్ల వ్యవధిలో కొన్ని నెలలకొకసారి ఫైనాన్స్, కొనుగోళ్లు, అమ్మకాలు, ఉత్పత్తి వంటి విభాగాల్లో మార్చి మార్చి పనిచేయిస్తుంది. కొన్ని సంస్థలు అందులో ఒక విడతను వేరే దేశంలో పూర్తి చేయిస్తాయి. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదని, 1956లో మొదలైన టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్ కూడా యువ అధికారులను గ్రూపులోని వేర్వేరు కంపెనీల్లో తిప్పి తయారుచేసిందని మొదటి రోజే వివరించారు.

ఈ కేంద్రంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది వీసాల తరగతి. విదేశాల్లో సిబ్బంది విభాగంలో పనిచేసి వచ్చిన ఒక మేడమ్ ఆ పాఠం చెప్పారు. బ్రిటన్ 2022లో ప్రవేశపెట్టిన గ్లోబల్ బిజినెస్ మొబిలిటీ వీసాల్లో గ్రాడ్యుయేట్ ట్రైనీలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉందనీ, దానికి దరఖాస్తు చేసే ముందు అదే సంస్థకు బ్రిటన్ వెలుపల కనీసం మూడు నెలలు పనిచేసి ఉండాలనీ, ఆ వీసాపై గరిష్ఠంగా ఏడాది మాత్రమే ఉండవచ్చనీ, అది శాశ్వత నివాసానికి దారితీయదనీ ఆమె అరటిపండు ఒలిచిపెట్టినట్లు చెప్పారు. ఐరోపా సమాఖ్య 2014 నాటి ఆదేశం ప్రకారం కంపెనీ అంతర్గత బదిలీపై వెళ్లే మేనేజర్లకు, నిపుణులకు మూడేళ్ల వరకు అవకాశం ఉంటే, ట్రైనీలకు ఏడాదే. సంస్థ తన ఉద్యోగిని అమెరికాకు బదిలీ చేసేటప్పుడు తీసుకునే ఎల్-1 వీసాకైతే అంతకుముందు మూడేళ్లలో కనీసం ఒక ఏడాది ఆ సంస్థకే వేరే దేశంలో నిరంతరంగా పనిచేసి ఉండాలి; పైగా అది మేనేజర్ స్థాయి ఉద్యోగమో, ప్రత్యేక పరిజ్ఞానం అవసరమైన పనో అయి ఉండాలి. చేరిన వెంటనే పిల్లలు విమానం ఎక్కుతారని ఆశించే నాలాంటి తల్లిదండ్రులకు, మొదటి విడతలు స్వదేశంలోనే ఎందుకు గడుస్తాయో ఆ రోజు స్పష్టంగా అర్థమైంది.

జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ వంటి దేశాలతో మనకు సామాజిక భద్రత ఒప్పందాలు ఉన్నందున, భారత కంపెనీ జీతం మీదే కొంతకాలానికి అక్కడికి వెళ్లే ఉద్యోగి భవిష్య నిధి సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే ఇక్కడ చందా కడితే చాలు, అక్కడ మళ్లీ కట్టనవసరం లేదన్న విషయం కూడా నేను మొదటిసారి అక్కడే విన్నాను. ఇంత అవసరమైన సంగతి మన కళాశాలల్లో ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఎంపిక పరీక్షలకు ఇచ్చే శిక్షణ కూడా బాగుంది. అంకెల పట్టికలు చదివి తక్కువ సమయంలో జవాబు చెప్పే ప్రశ్నలను, కెమెరా ముందు ఒంటరిగా మాట్లాడే రికార్డింగ్ ఇంటర్వ్యూను మా అమ్మాయి భయం పోయేంత వరకు సాధన చేసింది. సత్యవేడు దగ్గరి పారిశ్రామిక నగరం శ్రీసిటీ గురించి చెప్పిన పాఠం కూడా నాకు నచ్చింది. సిడ్నీ మెట్రో రైళ్లు అక్కడి ఆల్‌స్టమ్ కర్మాగారంలో తయారై వెళ్లాయని, ఇసుజు, డైకిన్ వంటి విదేశీ సంస్థలు తిరుపతి జిల్లాలోనే ఉన్నాయని చూపిస్తూ, అంతర్జాతీయ సంస్థలో ఉద్యోగ జీవితం సత్యవేడు దగ్గర కూడా మొదలుకావచ్చని వారు పిల్లలకు నమ్మకం కలిగించారు.

అయితే అసెస్‌మెంట్ సెంటర్, అంటే అభ్యర్థులను జట్టుగా కూర్చోబెట్టి పరీక్షించే ఎంపిక దశకు ఇచ్చే సాధన నాకు తృప్తినివ్వలేదు. అసలు ఎంపికలో ఐదారుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని సమస్యను చర్చించి పరిష్కరించాలి. ఇక్కడ మాత్రం ఒక్కో జట్టులో అంతకు రెట్టింపు మందిని కూర్చోబెట్టడంతో, బిడియం గల పల్లెటూరి పిల్లలు నోరు విప్పకుండానే గంట గడిచిపోయింది. అటువంటి పిల్లల కోసమే ఈ సాధన ఉండాలి కదా! అంతకంటే పెద్ద లోపం, ద్వారం దగ్గర వేలాడదీసిన ‘విదేశీ పోస్టింగ్ ఖాయం’ అన్న బోర్డు. లోపల వీసా నిబంధనలను అంత నిజాయితీగా బోధించి, బయట ఆ మాట రాయడం తగదని నిర్వాహకులకు చెప్పాను. ప్రచారం కోసమే పెట్టామన్నారు. అప్పు చేసి ఫీజు కట్టే కుటుంబాలు ఆ బోర్డునే నమ్ముతాయి కనుక దాన్ని తీసివేయాలని ఇప్పటికీ కోరుతున్నాను.

ఫీజు రెండు వాయిదాల్లో తీసుకుంటారు. రెండో వాయిదా కట్టే ముందు చర్చా సాధనలో ఒక్కో జట్టుకు ఎంతమందిని కూర్చోబెడతారో, వీసాల తరగతి ఆ బ్యాచ్‌కు ఉందో లేదో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తరగతి లేని బ్యాచ్‌లో చేర్చమని నేను ఎవరికీ చెప్పను.