దానిమ్మ కాయ నమూనా: గింజ బాగా చేశారు, గదుల దగ్గర తప్పారు

వృక్షశాస్త్రం బోధిస్తాను. ఫలాల పాఠం కోసం నిలువునా రెండు చెక్కలుగా విడివడే ఈ ప్లాస్టిక్ దానిమ్మను తెప్పించుకుని, నెల రోజులు తరగతిలో వాడాను.

ముందుగా కిరీటం గురించి చెప్పాలి. ఆరు రక్షకపత్రాలు దళసరిగా, కొసలు బయటికి వంగి ఉన్నాయి. వాటి మధ్య ఎండిన కేసరాల కుచ్చును కూడా మరవలేదు. దాంతో పువ్వుగా ఉన్నప్పుడు అండాశయం రక్షకపత్రాలకు కింద ఉండేదని, ఆ నిమ్న అండాశయమే ఉబ్బి కాయ అయిందని వేలు పెట్టి చూపించగలిగాను. బొమ్మ గీసి చెప్పినప్పుడు అంత తేలిగ్గా అర్థం కాలేదు.

చెక్కలు విడదీశాక నిరాశ కలిగింది. లోపల బత్తాయి తొనల్లా ఒకే వరుసలో ఆరు సమానమైన గదులు చేశారు. దానిమ్మ ప్రత్యేకతంతా ఇక్కడే ఉంది! దానిలో ఫలదళాలు, అంటే అండాశయంలో ఒక్కో గదిగా ఏర్పడే భాగాలు, సాధారణంగా రెండు అంతస్తులుగా ఉంటాయి. కింద మూడు గదులు, పైన అయిదు నుంచి తొమ్మిది. కింది గదుల్లో గింజలు నడిమి స్తంభాన్ని అంటుకుని ఉంటే, పై గదుల్లో బయటి గోడను పట్టుకుని ఉంటాయి. పువ్వు ఎదిగేటప్పుడు బయటి వలయంలోని ఫలదళాలు లోపలి వలయం మీదికి చేరడం వల్ల ఈ అమరిక వస్తుంది. ఒక్క అడ్డపొర పెట్టి ఉంటే ఇదంతా కనిపించేది.

గింజ విషయంలో మాత్రం తయారీదారులకు మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను. గుప్పిట నిండేంత పెద్ద గింజను విడిగా ఇచ్చారు. పైన పారదర్శకమైన ఎర్రటి పొర, దాని కింద గట్టి పెంకు, పెంకు తెరిస్తే చాప చుట్టినట్టు ఒకదానిలో ఒకటి చుట్టుకున్న బీజదళాలు. మొలకకు ఆహారం నిల్వ ఉంచే కణజాలమైన అంకురచ్ఛదం లేదు, ఉండకూడదు కూడా. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తుంటే గంట మోగినా నేను ఆపలేదు.

ఆ ఎర్రటి పొర మీద ‘ఎరిల్’ అని అచ్చు వేయడం బాధ కలిగించింది. చాలామంది అలాగే అంటారు, కానీ ఎరిల్ అనేది గింజ మీద అదనంగా పెరిగే పొర, అది గింజను కాయకు కలిపే కాడ అయిన అండవృంతం నుంచి పుట్టాలి. దానిమ్మలో మనం తినేది బీజకవచపు, అంటే గింజ సొంత తొక్కకు చెందిన, బయటి పొరే. దాని కణాలు వెలుపలికి పొడవుగా సాగి రసంతో నిండుతాయి. ఆ పేరు మీద కాగితం అంటించి ‘రసభరితమైన బీజకవచం’ అని రాశాను.

చెక్కలను కలిపి ఉంచే అయస్కాంతాల పట్టు బాగుంది. రంగు వెలవలేదు.

గింజ కోసమైతే తప్పక కొనండి. గదుల కోసం నిజమైన కాయనే ఆశ్రయించాలి. నేను ఒక కాయను అడుగుకు దగ్గరగా ఒకసారి, కిరీటానికి దగ్గరగా ఒకసారి అడ్డంగా కోసి నమూనా పక్కన పెడుతున్నాను. గదులు లెక్కపెట్టే పని పిల్లలదే.