ఒకే డబ్బా, మూడు పద్ధతులు: ప్లాస్టిక్ తయారీలో ఏది ఎంతవరకు పనికొస్తుంది

పోల్చి చూడటానికి ఒకే వస్తువు తీసుకుందాం: 120 మి.మీ. పొడవు, 80 వెడల్పు, 40 లోతున్న ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) డబ్బా. గోడ మందం 2 మి.మీ. లోపల సర్క్యూట్ బోర్డు బిగించడానికి నాలుగు స్క్రూ బాస్‌లు (స్క్రూ దిగే బోలు దిమ్మెలు), మూతకు రెండు కొక్కేలు. డ్రాయింగ్ ఎవరికి పంపినా "చేసిస్తాం" అనే అంటారు. "ఎన్ని కావాలి?" అని ముందు అడిగేవాళ్లే పని తెలిసినవాళ్లు. ఇలాంటి డబ్బాకి పద్ధతిని తేల్చేది ఆ అంకే.

పది లోపు అయితే త్రీడీ ప్రింటింగ్. అచ్చు ఖర్చు లేదు, కొలత ఎన్నిసార్లు మార్చుకున్నా నష్టం లేదు. కానీ అందులోనూ రకం చూసుకోవాలి. ప్లాస్టిక్ తీగ కరిగించి పొరల మీద పొరలు వేసే ఎఫ్‌డీఎమ్‌లో కొక్కెం నిలువుగా ప్రింటయితే, నాలుగుసార్లు మూత తీసేసరికి పొర అతుకు దగ్గర టక్కున విరిగే ప్రమాదం ఉంది. కొక్కెం పొడవునా పొరలు సాగేలా ముక్కను పడుకోబెట్టమని ఆర్డర్‌లోనే రాయాలి. రెజిన్‌తో చేసే ఎస్ఎల్ఏ చూడముచ్చటగా ఉంటుంది, మామూలు రెజిన్ మాత్రం పెళుసు, ఎండ తగిలితే పసుపెక్కుతుంది. కొక్కేలు నిజంగా పనిచేయాలంటే నైలాన్ 12 పొడిని లేజర్‌తో అతికించే ఎస్ఎల్ఎస్‌కే మా ఓటు. పైన కాస్త గరుకుగా ఉంటుంది, తెల్లది చేతి మురికిని ఇట్టే పట్టేస్తుంది. నల్లరంగు వేయించుకుంటే గొడవ ఉండదు.

ఇరవై నుంచి వంద దాకా వాక్యూమ్ కాస్టింగ్ బాగుంటుంది. మాస్టర్ (నమూనా) ముక్క చుట్టూ సిలికాన్ పోసి, గట్టిపడ్డాక కోసి తెరిచి, ఆ ఖాళీలో పాలీయురేథేన్ నింపుతారు. ఒక్కో సిలికాన్ అచ్చు 15–25 ముక్కలకు మించి రాదు. 60 కావాలంటే మూడు నాలుగు అచ్చుల ఖర్చు లెక్కలో ఉండాల్సిందే. మాస్టర్ మీద ఒక్క గీత ఉన్నా ప్రతి ముక్క మీదా అదే గీత. ఇక కొటేషన్‌లో "ఏబీఎస్ లాంటి మెటీరియల్" అని రాస్తారు. ఆ "లాంటి" దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అది ఏబీఎస్ కాదు. వేడికి, దెబ్బకి, మంటకి ఎలా తట్టుకుంటుందో దానితో పరీక్షించి చూసిన ఫలితం అసలు ఏబీఎస్ డబ్బాకి వర్తించదు.

వెయ్యి దాటితే ఇంజెక్షన్ మౌల్డింగే, అంటే ప్లాస్టిక్ గింజలను కరిగించి ఒత్తిడితో లోహపు అచ్చులోకి నెట్టడం. డబ్బంతా అచ్చులోనే ఉంటుంది, ఆ తర్వాత ముక్కకు పడేది గింజల ఖర్చు, మెషీన్ సమయం. కొన్ని వేల ముక్కలకు అల్యూమినియం అచ్చు చాలు. వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి సైకిల్ (ఒక్కో ముక్కకు పట్టే సమయం) కూడా తగ్గుతుంది. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్‌కి మాత్రం అది వద్దు, ఆ ఫైబర్లు గేటు (ప్లాస్టిక్ అచ్చులోకి దిగే దారి) దగ్గర అచ్చును ఆకురాయిలా అరగదీస్తాయి. లక్షల్లో కావాలంటే ఉక్కే.

మెషీన్ ఎంతదో కూడా అడగాలి. మన డబ్బాను పైనుంచి చూస్తే 96 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు సుమారు అర టన్ను లెక్కన అచ్చును మూసి పట్టి ఉంచడానికి 48 టన్నుల బిగింపు కావాలి, వెసులుబాటుతో 80 టన్నుల మెషీన్ అనుకోవచ్చు. బిగింపు చాలకపోతే అచ్చు విచ్చుకుని అంచు చుట్టూ పల్చటి రేకులా ఫ్లాష్ వస్తుంది.

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది స్క్రూ బాస్‌ల దగ్గర. డబ్బాను తిరగేసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. అడుగున సరిగ్గా నాలుగు బాస్‌ల కిందే నాలుగు గుంటలు కనిపిస్తే అవి సింక్ మార్కులు. బాస్ గోడకు కూడా 2 మి.మీ. ఇచ్చినందువల్ల అది అడుగును కలిసేచోట ప్లాస్టిక్ ముద్దకట్టింది. పైపొర ముందు గట్టిపడింది, లోపలి ముద్ద ఆలస్యంగా చల్లారుతూ ముడుచుకుని పైపొరను లోపలికి లాగింది. బాస్ గోడను 1.2 మి.మీ.కి తగ్గించడమే దీనికి మందు. "ప్రెషర్ పెంచుతాం" అనేవాళ్లు డిజైన్ తప్పును మెషీన్ మీదకు నెడుతున్నట్టే.

బలం కోసమని గోడను 3 మి.మీ. చేయడం ఇంకో పొరపాటు. చల్లారే సమయం మందం వర్గాన్ని (మందం × మందం) బట్టి పెరుగుతుంది, అంటే ఇక్కడ 2.25 రెట్లు. పల్చటి రిబ్‌లు (గోడకు ఆనించిన పట్టీలు) వేస్తే ఆ బలం తక్కువ ప్లాస్టిక్‌తోనే వస్తుంది. నిలువు గోడలకు కనీసం 1 డిగ్రీ వాలు ఇవ్వాలి. 40 మి.మీ. లోతుకు అది ఒక్కో వైపు 0.7 మి.మీ. మాత్రమే. అదీ లేకపోతే ముక్క అచ్చును గీరుకుంటూ బయటికొస్తుంది. పైన టెక్స్‌చర్ కావాలంటే 3 డిగ్రీలన్నా ఉండాలి.

గేటు దగ్గర వెండి చారలు కనిపిస్తే గింజల్లో తేమ ఉందేమో ముందు అడగండి. ఏబీఎస్‌ను 80 డిగ్రీల దగ్గర 2–4 గంటలు ఆరబెట్టాలి, పాలీకార్బొనేట్‌కు 120 డిగ్రీలు కావాలి. పాలీకార్బొనేట్ విషయంలో ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు. తేమ దాని అణు గొలుసులను తెంపేస్తుంది, కిందపడితే పగిలే ముక్క తయారవుతుంది.

"పాలీప్రొపిలీన్ చవక, అదే అచ్చులో పోసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఏబీఎస్ సుమారు 0.5 శాతం కుంచించుకుంటుంది, పాలీప్రొపిలీన్ 1.5 అనుకున్నా 120 మి.మీ. మీద 1.2 మి.మీ. తేడా. బోర్డు లోపల పట్టదు.

మీ వస్తువు ఇలాంటి డబ్బా కాకపోతే లెక్కంతా మారుతుంది. సీసాలకు బ్లో మౌల్డింగ్, పెద్ద నీళ్ల ట్యాంకులకు రోటోమౌల్డింగ్, పైపులకు ఎక్స్‌ట్రూజన్, ట్రేలకు థర్మోఫార్మింగ్. చివరిదానిలో మాత్రం షీటు సాగి మూలలు పల్చబడతాయి, అందుకే శాంపిల్‌ను కోయించి అక్కడి మందం కొలవాలి.

ఇంజెక్షన్ మౌల్డింగ్‌కే వెళ్తే, కొక్కేన్ని మొదట కావాలనే కాస్త వదులుగా చేయించండి. తొలి శాంపిల్‌ను ఒక రోజు ఉంచి కొలిచాక, ఎంత బిగువు కావాలో అంత లోహం అచ్చులోంచి తీసేస్తారు, ఆ ఖాళీలో ప్లాస్టిక్ నిండి కొక్కెం బిగుస్తుంది. మొదటే బిగువుగా చేయించుకుంటే అచ్చుకు వెల్డింగ్ చేసి మళ్లీ చెక్కాల్సి వస్తుంది.