వివరం అడగాలా, ముచ్చట అడగాలా?

నర్సాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కితే, సఖినేటిపల్లి చేరేలోపు పక్కనున్నాయన అడిగేవి తెలిసినవే: "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ? ఏం చేస్తుంటారు?" ఇవి వివరం ప్రశ్నలు. "96 తుఫానప్పుడు మీరెక్కడున్నారండీ?" అన్నది ముచ్చట ప్రశ్న.

వివరంతో టెన్షన్ ఉండదు. "మాది రాజోలండి" అంటే "ఆయ్, మా మేనత్తగారిదీ అక్కడేనండి" అని వరస కలిసిపోతుంది. చిక్కల్లా, నాలుగో ప్రశ్నకల్లా కులం దగ్గరికో జీతం దగ్గరికో జారిపోతుంది. అడిగేవాళ్ళకి అది మామూలే, చెప్పేవాళ్ళకే ఇబ్బంది.

ముచ్చట ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు రాదు. కొబ్బరిచెట్లు ఎలా విరిగిపడ్డాయో, ఆ రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారో, తెల్లారాక ముందు ఎవర్ని వెతుక్కుంటూ వెళ్ళారో చెబుతుంటే మనిషి తెలుస్తాడు. అయితే ఆ తుఫానులో అయినవాళ్ళు పోయినవాళ్ళూ ఉంటారు. ముఖం మారితే మాట మార్చెయ్యాలి.

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన పరిశోధనలో 36 ప్రశ్నలున్నాయి. అవి తేలిగ్గా మొదలై మెల్లగా లోతుకి వెళ్తాయి. ఊరికే కబుర్లాడిన జంటలకన్నా ఇవి ఒకరినొకరు అడిగినవాళ్ళే ఎక్కువ దగ్గరయ్యారట.

పంటు మీద వివరం చాలు. పెళ్ళిచూపుల్లో మాత్రం నా ఓటు ముచ్చటకే. చదువు, ఉద్యోగం మధ్యవర్తి ముందే చెప్పేసి ఉంటారు, మళ్ళీ అడగడం దండగ. "సంక్రాంతికి మీ ఇంటికి ఎవరెవరు వస్తారండీ?" అనండి. జవాబులో మేనమామ వస్తే, రెండో ప్రశ్న ఆయన గురించే వెయ్యండి.