‘హెవీ మెటల్’ పేరు: ఎవరి వాదం మేలు?

రాక్ సంగీతంలో గిటార్ల హోరుతో సాగే బరువైన శైలికి ‘హెవీ మెటల్’ అనే పేరు ఎక్కడ పుట్టిందని అడిగితే ఎక్కువమంది స్టెపెన్‌వుల్ఫ్ బృందం 1968లో పాడిన ‘బార్న్ టు బి వైల్డ్’ను చూపిస్తారు. మార్స్ బాన్‌ఫైర్ రాసిన ఆ పాటలో ‘హెవీ మెటల్ థండర్’ అన్న మాట ఉన్నది నిజమే. ఆ ఏడాది అది పాటల ఆదరణను లెక్కగట్టే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది. మరుసటి ఏడాది ‘ఈజీ రైడర్’ సినిమా వల్ల ఇంకా ఎక్కువమంది నోళ్ళలో నానింది. అయితే ఆ పాటలోని ఉరుము రహదారి మీద దూసుకుపోయే బండ్లది. ఏ సంగీత శైలికీ అక్కడ నామకరణం జరగలేదు.

ఇంకా వెనక్కి వెళ్ళదలచినవారికి అమెరికా రచయిత విలియం బరోస్ నవలలు దొరుకుతాయి. ‘ద సాఫ్ట్ మెషీన్’లో ‘హెవీ మెటల్ కిడ్’ అని పిలిచే పాత్ర ఉంది. 1964లో వచ్చిన ‘నోవా ఎక్స్‌ప్రెస్’లో యురేనస్‌కు చెందిన హెవీ మెటల్ మనుషులున్నారు. రాక్ కళాకారులు బరోస్‌ను చదివేవారనడానికి సాఫ్ట్ మెషీన్ అన్న ఇంగ్లండు బృందం పేరే సాక్ష్యం. కాని కాలక్రమంలో ముందున్నంత మాత్రాన జన్మహక్కు రాదు. రసాయనశాస్త్రంలో బరువైన లోహాలకు ఈ మాట ఆయన పుట్టక ముందునుంచే ఉంది. ఆ లెక్కన కీర్తి రసాయన శాస్త్రవేత్తలకే దక్కాలి!

గిటార్ వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ సంగీతాన్ని ఆకాశం నుంచి రాలిపడే లోహంతో పోల్చిన పత్రికా వ్యాసమే దీనికి మూలమని ఆయన మేనేజర్ ఛాస్ చాండ్లర్ చెప్పేవాడు. అటువంటి వ్యాసాన్ని ఎవరూ చూపలేకపోయారు కాబట్టి ఆ వాదాన్ని పక్కన పెట్టవచ్చు.

గట్టి పోటీ ఇద్దరు సమీక్షకుల మధ్యనే. 1968 మే నెలలో ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో ఎలక్ట్రిక్ ఫ్లాగ్ బృందపు ఆల్బమ్‌ను సమీక్షిస్తూ బ్యారీ గిఫర్డ్ ‘హెవీ మెటల్ రాక్’ అన్న మాట వాడాడు. సంగీతానికే అన్వయించి అచ్చులో వాడిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి కాబట్టి, తేదీనే కొలబద్దగా తీసుకునేవారు ఇతని వైపే మొగ్గుతారు. ఇబ్బంది ఏమిటంటే, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ నడిపిన ఆ బృందం నల్లజాతి అమెరికన్ల సంగీత రీతులైన బ్లూస్‌ను, సోల్‌ను బాకాల మేళంతో కలిపి వాయించేది; ఈనాటి శ్రోత ఎవరూ దాన్ని మెటల్ అనరు. పైగా ఆ రోజుల్లో ‘హెవీ’ అనేది గంభీరమైన దేనికైనా కుర్రకారు తగిలించే విశేషణం. ఐరన్ బటర్‌ఫ్లై అనే రాక్ బృందం తన తొలి ఆల్బమ్‌కు ఆ ఒక్క మాటనే పేరుగా పెట్టుకుంది.

రెండోవాడు మైక్ సాండర్స్. 1970 నవంబరులో ‘రోలింగ్ స్టోన్’లో ‘హంబుల్ పై’ అనే బృందాన్ని తిట్టడానికి ఈ మాటను వాడిన ఇతనే, 1971 మే నెలలో ‘క్రీమ్’ పత్రికలో సర్ లార్డ్ బాల్టిమోర్ అనే బృందపు తొలి ఆల్బమ్ ‘కింగ్‌డమ్ కమ్’ను మెచ్చుకుంటూ, హెవీ మెటల్ కిటుకులన్నీ ఈ బృందానికి పట్టుబడ్డాయన్న ధోరణిలో రాశాడు. కిటుకులు అనగలిగాడంటే, వాటిని పంచుకునే బృందాలు కొన్ని ఉన్నాయనీ, పాఠకుడు వాటిని గుర్తుపట్టగలడనీ అతను అప్పటికే భావించాడన్నమాట. ఈ శైలికి ఆద్యులుగా చెప్పుకునే బృందాల్లో బ్లాక్ సాబత్ తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వెలువడింది. లెడ్ జెప్పెలిన్ అంతకు ముందే పేరు తెచ్చుకుంది. వర్గం తయారైన తరువాత దానికి అతికిన పేరు ఇది. అందుకే నా తీర్పు సాండర్స్‌కే: ఒక మాట శైలిపేరు కావాలంటే ఒక బృందం మీద వాడి వదిలేస్తే చాలదు, అది ఇంకో బృందానికీ సరిపోవాలి.

లెస్టర్ బ్యాంగ్స్ అనే మరో సమీక్షకుడికి ఈ ఘనతను కట్టబెట్టే అలవాటు కూడా ఉంది. డెట్రాయిట్‌లో మొదలైన ఆ ‘క్రీమ్’ పత్రికలోనే రాస్తూ, ఈ పేరును జనంలోకి తీసుకుపోయినవారిలో అతను ముఖ్యుడు. అతని పాత్ర ప్రచారం వరకే. సాండర్స్ మాత్రం తరువాత ‘మెటల్ మైక్’ అని పేరు పెట్టుకుని, యాంగ్రీ సమోవన్స్ అనే పంక్ బృందంలో పాడాడు.