సముద్రపు అక్వేరియం కింది సంపు: స్కిమ్మర్ మేలా, నాచు గది మేలా?

సంపు అనగానే మన హనుమకొండ ఇళ్లలో గేటు పక్కన భూమిలో కట్టి, ఇనుప మూత వేసి, నల్లా నీళ్లు పట్టుకునే తొట్టి గుర్తుకు వస్తుంది. సముద్రపు అక్వేరియం పెట్టుకున్నవారు సంపు అనేది మరొకదాన్ని. ప్రధాన తొట్టి కింద, స్టాండు తలుపుల వెనుక ఉండే చిన్న గాజు తొట్టి అది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరినట్టే, పై తొట్టిలో అంచు దాకా వచ్చిన నీరు పైపు గుండా కిందికి దిగి, అక్కడ శుభ్రపడి, మోటారు ద్వారా తిరిగి పైకి వెళుతుంది. చెరువుకు అక్కర లేనిది, దీనికి తప్పనిసరైనది ఆ తిరుగు ప్రయాణమే. అది పూర్తిగా కరెంటు మీద ఆధారపడి ఉంటుంది కనుక, ఏ రకం సంపు మేలు అని అడిగినవారికి నేను, కరెంటు పోయిన గంటలోనూ మే నెల మధ్యాహ్నంలోనూ అది ఎలా నడుచుకుంటుందో ముందు చూడమని చెబుతాను.

లెక్క కోసం నా తొట్టినే తీసుకుంటాను. పైది 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. అంటే అంచు దాకా నింపితే 300 లీటర్లు. కింది సంపు పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 40. ఈ 90 సెంటీమీటర్లను దేనికెంత పంచాలన్నదే అసలు తగువు. ఒక దారి బయోబాల్స్‌ది, రెండవది ప్రోటీన్ స్కిమ్మర్‌కు, అంటే నురగతో మురికిని బయటికి తీసే యంత్రానికి, పెద్దపీట వేసేది, మూడవది రిఫ్యూజియం, అంటే దీపం వెలుగులో నాచును పెంచే గదికి చోటిచ్చేది.

బయోబాల్స్ సంగతి త్వరగా తేల్చవచ్చు. ఆ ప్లాస్టిక్ బంతుల మీద నీరు జల్లుగా పడుతుంటే వాటిపై పెరిగిన బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. చేపలు మాత్రమే ఉన్న తొట్టికి అది చాలు. పగడాలున్న తొట్టిలో నైట్రేట్ అక్కడితో ఆగి పేరుకుపోతుంది, బంతుల సందుల్లో చిక్కిన మడ్డి కుళ్లి దానిని మరింత పెంచుతుంది. రంధ్రాలు గల రాయి లోపలి పొరల్లో ఆక్సిజన్ లేని చోట్లు ఉంటాయి కాబట్టి, అక్కడి బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి బయటికి పంపుతుంది. పై తొట్టిలో తగినంత రాయి ఉన్నవారికి బంతులతో పని లేదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యనే. స్కిమ్మర్ సన్నని గాలి బుడగలతో పనిచేస్తుంది. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి నీటిలో కలిసే సేంద్రియ పదార్థాలలో చాలా వాటికి ఒక కొస నీటిని కోరుతుంది, మరొక కొస నీటికి దూరంగా పోతుంది. అవి బుడగ అంచును అంటిపెట్టుకుని నురగగా పైకి లేచి కప్పులో పడతాయి. అంటే చెత్త కుళ్లి నైట్రేట్ కాకముందే బయటికి పోతుంది. ఆ కప్పులోని గోధుమ రంగు ద్రవం వాసన ఒక్కసారి చూసినవారు స్కిమ్మర్ అవసరాన్ని మళ్లీ ప్రశ్నించరు.

నాచు గది ఇందుకు భిన్నంగా, తయారైన నైట్రేట్, ఫాస్ఫేట్‌లను ఆహారంగా తీసుకుంటుంది. సాధారణంగా వేసేది కీటోమార్ఫా, చిక్కుపడిన పచ్చని నైలాన్ దారపు ఉండలా ఉండే నాచు. వారం పది రోజులకు ఒకసారి గుప్పెడు తీసి పారేస్తే, ఆ గుప్పెడుతో పాటు మురికీ తొట్టిని వదిలిపోతుంది. పై తొట్టి దీపం ఆరిన తరువాత రాత్రి కింది దీపం వెలిగిస్తే, చీకట్లో పడిపోయే పీహెచ్ కొంత నిలుస్తుంది. చేపలకు అందకుండా కోపిపాడ్స్ వంటి చిన్న ప్రాణులు అక్కడ పెరిగి, కొన్ని పైకి చేరి మేతగా కూడా పనికివస్తాయి. చూడముచ్చటైన ఏర్పాటు, నాకు దాని మీద మొదటి నుంచి మోజు ఉన్న మాట కూడా నిజమే.

అయితే మోజును మన ఎండలు పరీక్షిస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వరంగల్, రామగుండం వైపు ఆ రోజుల్లో 44 డిగ్రీలు దాటడం వింత కాదు. పగడాల తొట్టిలో నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 31 డిగ్రీల దగ్గర సుమారు 6.1 మాత్రమే పట్టుకుంటుంది. వేడికి చేపల అవసరం మాత్రం పెరుగుతుంది. నీటిలో అంత గాలిని కలిపే స్కిమ్మర్ ఆ వేళ రెండు పనులు చేస్తుంది. నాచు రాత్రి దీపం వెలిగినంతసేపే ఆక్సిజన్ ఇస్తుంది. అదే రాత్రి కరెంటు పోతే చేపలతో పాటు తానూ ఆక్సిజన్ వాడుకుంటుంది. వేడెక్కి నాచు చచ్చిందంటే అంతవరకూ పీల్చుకున్నదంతా తిరిగి నీటిలోకే వదులుతుంది, దాని పోగులు వెళ్లి మోటారు జాలీకి చుట్టుకుంటాయి.

వేడి మరొక విధంగా కూడా ఈ తగువులో దిగుతుంది. చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, కొనలేనివారు సంపు మీద చిన్న ఫ్యాన్లు పెట్టి నీటిని ఆవిరి చేయించి చల్లబరుస్తారు. ఒక లీటరు నీరు ఆవిరైతే 240 లీటర్ల నీటిని సుమారు 2.4 డిగ్రీలు చల్లబరచగల వేడి పోతుంది. పొడిగాలి వీచే ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది, జూలై ముసురులో అంతగా చేయదు. పొడిగాలిలో నా తొట్టికి రోజుకు అయిదు లీటర్ల దాకా తగ్గుతుంది. సంపును గదులుగా విడదీసే అడ్డుగాజుల వల్ల మిగతా గదుల్లో నీటి మట్టం కదలదు. ఆ తగ్గుదల అంతా చివరి గదిలో, మోటారు ఉన్నచోటే కనిపిస్తుంది. ఆ గది పొడవు 30 సెంటీమీటర్లయితే అయిదు లీటర్లకు మట్టం నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. నాచు కోసం దానిని 15కు కుదిస్తే ఎనిమిది దిగుతుంది, సాయంత్రానికి మోటారు గాలి పీలుస్తుంది. నాచు గదికి ఇచ్చే ప్రతి సెంటీమీటరూ మన దగ్గర మోటారు గది నుంచే పోతుంది. తగ్గిన నీటిని తానే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకున్నా సెన్సార్ మొరాయించే రోజు ఒకటి ఉంటుంది కాబట్టి నేను 30కి తగ్గను. తగ్గిన మేరకు పోయవలసింది మంచినీరే, ఉప్పునీరు కాదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. మంచినీరంటే బోరునీరూ కాదు, వంటింటి ఆర్వో నీరు కూడా కాదు. చాలా వంటింటి యంత్రాలు రుచి కోసం ఖనిజాలను మళ్లీ కలుపుతాయి. ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను తొలగించే డీఐ రెజిన్ కూడా దాటి, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల కొలత) సున్నా చూపే నీరు కావాలి.

ఇక కరెంటు పోయిన గంట. మోటారు ఆగగానే నీరు పైకి వెళ్లడం ఆగుతుంది, కానీ పైకి పోసే పైపు కొస నీటిలో మునిగి ఉంటే అదే పైపు సైఫన్‌గా మారి, కొస బయటపడే దాకా నీటిని వెనక్కి లాగుతుంది. కొస నాలుగు సెంటీమీటర్లు మునిగి ఉంటే 24 లీటర్లు కిందికి వస్తాయి, సంపు మట్టం 6.7 సెంటీమీటర్లు లేస్తుంది. నా మొదటి ఏర్పాటులో కొస 12 సెంటీమీటర్ల లోతున ఉండేది. సైఫన్ తెగడానికి పైపుకు చిన్న రంధ్రం పెట్టి, దానినే నమ్ముకుని నిశ్చింతగా ఉన్నాను. ఒక రాత్రి ఆ రంధ్రానికి నత్త అడ్డం పడింది. 72 లీటర్లు దిగాయి. 25 సెంటీమీటర్ల మట్టంలో నడుస్తున్న సంపుకు మరో 20 కలిసి, ఎత్తు 40 మాత్రమే కావడంతో కనీసం 18 లీటర్ల ఉప్పునీరు గదిలో పారింది. చెరువు కట్టినవారు మత్తడి ఎత్తును ఎందుకంత జాగ్రత్తగా చూసుకుంటారో ఆ రాత్రి బట్ట పిండుతూ గ్రహించాను.

ఈ విషయంలో స్కిమ్మర్‌కూ ఒక లోపం ఉంది, దాచడం న్యాయం కాదు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు సంపు మట్టం ఇంకా ఎత్తుగానే ఉంటుంది కాబట్టి, కొన్ని నిమిషాల పాటు అది నురగకు బదులు నీటినే కప్పులోకి పొర్లిస్తుంది. ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో ఉండే ఆలస్యపు ఏర్పాటు వంటిది, పది నిమిషాలు ఆగి స్కిమ్మర్‌ను నడిపేది పెట్టుకుంటే ఆ బెడద తప్పుతుంది. నాచు గదికి ఈ చిక్కు లేదు.

కిందికి దింపే పైపుల్లో కూడా ఎంపిక ఉంది. డర్సో పద్ధతిలో ఒకే పైపు గాలి, నీరు కలిపి దింపుతుంది; అది మూసుకుపోతే తొట్టి పొంగుతుంది. హెర్బీ పద్ధతిలో ఒక పైపు నిండుగా, చప్పుడు లేకుండా దింపితే, రెండవది ఖాళీగా ఆపదకు కాచుకుని ఉంటుంది. బీన్ యానిమల్ పద్ధతి మూడు పైపులు కోరుతుంది. ఈ పరిమాణానికి అది ఎక్కువే. నేను హెర్బీ ఎంచుకున్నాను. ప్రవాహాన్ని సరిచేయడానికి వాల్వ్ కావాలని హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే ముందుగా ఇచ్చేది ఇత్తడి గేట్ వాల్వ్. ఇత్తడిలోని రాగి పగడాలకూ, రొయ్యలకూ, నత్తలకూ విషం. యూపీవీసీ బాల్ వాల్వ్ అంత సున్నితంగా తిరగదు, ఓపిక పట్టాలి, అయినా అదే వాడాలి.

తూకాన్ని మొగ్గేలా చేసేది మరొకటి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో రాతి పగడాలు ఉన్నాయి. ఇంట్లో పెంచుకోవడానికి వాటి జోలికి పోకూడదు. మిగిలేవి జోయాంథిడ్‌లు, పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాల వంటి మెత్తని రకాలు. వీటికి నైట్రేట్ 10, 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉన్నా బాధ లేదు, పూర్తిగా లేకపోతేనే వాడిపోతాయి. నాచు గది సాధించే ఆ చివరి శుభ్రత కోసం మోటారు గదిని కుదించుకోవలసిన పని వీటితో రాదు.

అందుకే స్కిమ్మర్ మేలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు నా సంపులో 200 మైక్రాన్ల వడపోత సంచి, స్కిమ్మర్ కలిసి 38 సెంటీమీటర్లు, మధ్యలో 16 సెంటీమీటర్ల ఖాళీ గది, బుడగలు ఆపే అడ్డుగాజులకు ఆరు, మోటారుకు 30. వడపోత సంచిని మూడు, నాలుగు రోజులకొకసారి ఉతుకుతాను. ఆ ఖాళీ గదిలో ప్రస్తుతం రాతి ముక్కలు మాత్రమే ఉన్నాయి. నైట్రేట్ వరుసగా రెండు నెలలు 20 దాటితే అక్కడ గుప్పెడు కీటోమార్ఫా వేస్తాను. దీపం బిగించే కొక్కెం ముందే కొట్టించి పెట్టాను.