ముందుగా చదవాల్సిన తెలుగు క్లాసిక్ ఏది: కన్యాశుల్కమా, వేయిపడగలా?

తెలుగు క్లాసిక్ ఒకటి చెప్పమంటే నేను ముందు గురజాడ కన్యాశుల్కమే చేతిలో పెడతాను. నాటకం కాబట్టి అంతా మాటలే, అదీ విజయనగరం వైపు జనం మాట్లాడుకునే మాటలు. గిరీశం ఇంగ్లిష్ ముక్కలు కలిపి కోతలు కోస్తుంటే, కరటకశాస్త్రి తన శిష్యుడికే ఆడవేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురిగా అంటగడుతుంటే అసలు చదువుతున్నట్టే ఉండదు. డబ్బుకి ఆడపిల్లని అమ్ముకోవడం మీద ఇంత నవ్విస్తూ రాయడం, అదీ ఆ రోజుల్లో! మొదటి ప్రదర్శన 1892లో, కానీ మనం ఇప్పుడు చదివేది 1909లో ఆయన బాగా పెంచి తిరగరాసింది. అందులోని వేశ్య మధురవాణి కోసమైనా చదవాలి.

విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలు వేరే లెక్క. సుబ్బన్నపేట ఊరు, కోట, గుడి, కథానాయకుడు ధర్మారావు, కళ్లముందే కూలిపోయే పాత వ్యవస్థ... పీవీ నరసింహారావు పనిగట్టుకుని హిందీలోకి అనువదించారంటే ఊరికే కాదు. కానీ భాష బరువు, మధ్యలో కథ ఆపి చర్చలోకి వెళ్లిపోతారు, పాతకాలమే మేలన్న ఆయన వాదన నాకైతే చాలాచోట్ల మింగుడుపడదు (అయినా వదలబుద్ధి కాదు, అదే చిక్కు). చదివే అలవాటు కాస్త కుదిరాక, సెలవులు చూసుకుని మొదలుపెట్టండి. పీడీఎఫ్ మాత్రం వద్దు, అంత లావు పుస్తకం ఫోన్‌లో చదవడం నా వల్ల కాలేదు.