తెలుగు వికీపీడియా: నాకు వ్యాసం కన్నా ‘చరిత్ర’ ముఖ్యం

తెలుగు వికీపీడియాలో ఏ పేజీ తెరిచినా నేను ముందు చూసేది పైనున్న ‘చరిత్ర’. ఏ వాక్యం ఎప్పుడు చేరింది, ఎవరు చేర్చారు, ఎవరు తీసేశారు, అన్నీ తేదీలతో సహా ఉంటాయి. తన చిత్తుప్రతులన్నీ ఇలా బయటపెట్టే అచ్చు పుస్తకం ఒక్కటీ నేను చూడలేదు. పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పుకునే నాలాంటి అనుమానపు మనిషికి అంతకన్నా ఏం కావాలి!

దాని విలువ అమ్మమ్మగారి ఊరి పేజీలో తెలిసింది. ఊరి చెరువును కాకతీయ గణపతిదేవుడు తవ్వించాడని అందులో ఉంది. పక్కన మూలం అంకె కూడా ఉంది. నొక్కితే ఒక దినపత్రిక జిల్లా అనుబంధంలోని కథనం. ఊళ్లో పెద్దవాళ్లెవరూ ఆ మాట అనగా నేను వినలేదు. చరిత్ర తెరిచి ఒక్కో కూర్పూ పోలుస్తూ వెనక్కి వెళ్లాను. ఆ వాక్యం పత్రికలో కథనం రాకముందే పేజీలో ఉంది! చేర్చినవారికి పేరు లేదు, ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే అంకెల గుర్తు) మాత్రమే. అప్పటికి మూలమూ లేదు. తర్వాత వచ్చిన పత్రిక కథనంలో ఆ వాక్యమే, అందులోని ‘సువిశాలమైన’ అన్న మాటతో సహా దిగింది. ఆపైన మరెవరో, సదుద్దేశంతోనే కావచ్చు, ఆ కథనాన్ని తెచ్చి మూలంగా పెట్టారు. పేజీకి పత్రిక సాక్ష్యం, పత్రికకు పేజీ సాక్ష్యం. పాకాల, రామప్ప చెరువులు గణపతిదేవుడి కాలం నాటివే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మా చెరువు సంగతి నిజమే కావచ్చు, కానీ ఆధారం మాత్రం సున్నా.

ఈ తేదీలన్నీ ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చా పేజీలో పెట్టాను. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒక పాత వాడుకరి వచ్చి వాక్యం తీసేసి, మర్యాదగా కారణం రాశారు.

‘చరిత్ర’ను ఇంత మెచ్చుకున్నాను గానీ, చూసేవాళ్లుంటేనే అది పనికొస్తుంది. నేను తెరిచిన ఊరి పేజీల్లో చాలావాటికి ఉన్న చరిత్రంతా 2011 జనగణన లెక్కలు ఒక్కసారిగా వచ్చి పడటం, తర్వాత బాట్లు, అంటే వాటంతటవే దిద్దే ప్రోగ్రాములు, చేసిన చిన్న సవరణలు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక, పైన కొత్త జిల్లా పేరు, కింది పేరాలో పాత పేరు ఉన్న పేజీలూ కనిపించాయి. ఇంగ్లీషు వికీపీడియాలోనూ చురుకైన రచయితల సంఖ్య 2007 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి ఆ తర్వాత తగ్గింది. తగ్గినా అక్కడ కాపలాకు వేలమంది ఉన్నారు. మనకు ఆ రద్దీ ఎప్పుడూ లేదు. 2005లో నేచర్ అనే సైన్సు పత్రిక పోలిక ప్రకారం సగటున వ్యాసానికి వికీపీడియాలో నాలుగు తప్పులు, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో మూడు. వికీపీడియాను నమ్మవచ్చని ఇప్పటికీ దాన్నే చూపి వాదించేవారు ఉన్నారు. అది ఇంగ్లీషులోని సైన్సు వ్యాసాల లెక్క, పైగా బ్రిటానికా దాన్ని ఒప్పుకోలేదు. మన ఊరి పేజీలకు అది ఎలా వర్తిస్తుంది?

నా మటుకు నేను వాడుతూనే ఉంటాను. సినిమాలు విడుదలైన సంవత్సరాలకు, రచయితల పుస్తకాల జాబితాలకు దీనికన్నా త్వరగా దొరికే చోటు నాకు తెలియదు. స్థలపురాణాలకు మాత్రం వెళ్లను. నాకు కంప్యూటర్ ఉంది, సాయంత్రాలు తీరిక ఉంది. నా విద్యార్థులు ఫోనులో చదువుతారు. అక్కడ చరిత్రకు దారి పేజీ అట్టడుగున ఉంటుంది. అంతవరకు జరిపి చూసినవాళ్లను నేనింకా చూడలేదు.